జెన్ సిక్స్ వచ్చేదాకా ఆగాల్సిందే

ఎస్ఎస్‌డీ, అంటే కంప్యూటర్లో హార్డ్ డిస్క్‌కు బదులు వేసే చిప్పుల డ్రైవు, ఇప్పుడే కొనకండి. వచ్చే తరం జెన్ సిక్స్ వస్తోంది, ఆగండి. ఆగడం తిరుపతి వాళ్లకు ఒకరు నేర్పాల్సిన పని కాదు. గేటు ఎప్పుడు తీస్తారో తెలియకుండా కంపార్ట్‌మెంటులో కూర్చుని, ఇచ్చిన ఉప్మా తిని, పాలు తాగి, గోవిందా అంటూ రాత్రంతా గడిపేవాళ్లను చూస్తూ పెరిగిన ఊరు ఇది. ఒక డ్రైవు కోసం నాలుగేళ్లు ఎదురుచూడలేమా?

ఈ విద్యలో ఆరితేరినవాళ్లు లీలామహల్ సర్కిల్ చుట్టుపక్కల సందుల్లో ఏ జిరాక్స్ అంగట్లోనైనా కనిపిస్తారు. పొద్దున ఎనిమిదింటికి కంప్యూటర్ ఆన్ చేస్తారు. వాకిట్లో నీళ్లు చల్లి, స్వామి పటానికి పూలు పెట్టి, అగరొత్తి వెలిగించి, టీ తాగి వచ్చినా విండోస్ ఇంకా చుక్కలు తిప్పుతూనే ఉంటుంది. 300 రూపాయల దర్శనం టికెట్ ప్రింటు కోసం బయట ఆరుగురు నిలబడి ఉంటారు. టాస్క్ మేనేజర్ తెరిస్తే డిస్క్ 100 శాతం అని ఎర్రగా మండుతుంటుంది, చదివే వేగం చూస్తే సెకనుకు ఒక ఎంబీ కూడా ఉండదు. లోపలున్నది నిమిషానికి 5,400 చుట్లు తిరిగే హార్డ్ డిస్క్. దాని తల ఒకచోటి నుంచి ఇంకోచోటికి జరిగి, కావలసిన ముక్క పళ్లెంతో పాటు తిరిగి దాని కిందికి వచ్చేసరికి 15 మిల్లీసెకన్లు పోతాయి. అంటే సెకనుకు అరవై, డెబ్భై చిన్న ముక్కలు. విండోస్ లేచేటప్పుడు అడిగేవి వేలకు వేలు.

"సాటా ఎస్ఎస్‌డీ ఒకటి ఏసుకోన్నా, పదైదు సెకన్లలో లేస్తాది" అని ఎవరైనా కుర్రాడు అంటే (సాటా అంటే పాత హార్డ్ డిస్క్ కేబులుకే తగిలించుకునే రకం) అంగడాయన జాలిగా చూస్తాడు. "ఇప్పుడేం కొంటాం అబ్బోడా, జెన్ సిక్స్ వస్తాదంట. ఇరవై ఎనిమిది వేల స్పీడంట." అలాంటి డ్రైవును నేరుగా గుచ్చే ఎం.2 స్లాటే ఆయన మదర్‌బోర్డుకు లేదన్నది వేరే సంగతి. భక్తికి స్లాటుతో పనేముంది?

ఆయన చెప్పిన అంకె మాత్రం తప్పు కాదు. జెన్ అంటే డ్రైవును మదర్‌బోర్డుకు కలిపే పీసీఐఈ అనే దారి తరం. జెన్ త్రీ పెట్టె మీద సెకనుకు 3,500 ఎంబీ, ఫోర్ మీద 7,000, ఫైవ్ మీద 14,000 దాకా వేశారు. డేటా సెంటర్ల కోసం మైక్రాన్ ప్రకటించిన జెన్ సిక్స్ డ్రైవుది 28,000. మన ఇళ్లలో వాడే బోర్డులకు ఆ స్లాటు ఇంకా రాలేదు. ఇదే మనకు కలిసొచ్చే అంశం. అంగట్లో దొరికేదాని కోసం ఎదురుచూడటంలో గొప్పేముంది?

ఇక ఆ వేగం మన చేతికి ఎంత అందుతుందో చూడాలంటే అలిపిరికి పోవాలి. టోల్‌గేటు దగ్గర బండి చీటీ మీద టైము వేసిస్తారు. ఘాట్ రోడ్డు ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు పట్టాలి, ముందే చేరితే జరిమానా. పాత మారుతీ అయినా, కోటి రూపాయల కారైనా ఆ 28 నిమిషాలు తప్పవు. ఎస్ఎస్‌డీ లోపల కూడా అలాంటి చీటీయే ఉంది. డేటా దాచే ఫ్లాష్ చిప్పులో ఒక పేజీ తెరిచి, అందులోని బుల్లి గదుల్లో చార్జి ఎంతుందో కొలిచి చెప్పడానికి సుమారు 50 మైక్రోసెకన్లు పడుతుంది. జెన్ త్రీకి, జెన్ ఫైవ్‌కి ఇక్కడ పెద్ద తేడా లేదు. తరం మారినప్పుడల్లా వాళ్లు రోడ్డును రెండింతలు వెడల్పు చేస్తున్నారు, అంతే. వెయ్యి బస్సులు ఒకేసారి ఎక్కాలంటే అది నిజంగా ఉపయోగమే. మనం ఒక్కరమే స్కూటర్ మీద పోతున్నాం.

నమ్మకం లేకపోతే డ్రైవు వేగం కొలిచే క్రిస్టల్‌డిస్క్‌మార్క్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టి చూసుకోవచ్చు. పై వరసలో 14,000 చూసి అందరూ ఫోటో తీసుకుంటారు. అన్నిటికన్నా కింది వరస, ఒక్కసారికి ఒక్క 4కే (నాలుగు కిలోబైట్ల) ముక్క చదివేది, అక్కడ 90 దగ్గర ఉంటుంది. నాలుగైదేళ్ల నాటి మంచి జెన్ త్రీ డ్రైవులో అదే వరస 60 చుట్టుపక్కల చూపిస్తుంది. టాలీ తెరిచినా, క్రోమ్ తెరిచినా, ప్రింటరు డ్రైవరు లోడయినా పని నడిచేది ఎక్కువగా ఆ కింది వరస లెక్క మీదనే. ఫోటోలో దాన్ని కత్తిరించడం భక్తుల ఆచారం.

ఆ 50 మైక్రోసెకన్లను 10కి దించినవాళ్లు లేకపోలేదు. ఇంటెల్, మైక్రాన్ కలిసి 2015లో త్రీడీ ఎక్స్‌పాయింట్ అనే కొత్తరకం మెమరీ ప్రకటించాయి. అలిపిరి 3,550 మెట్లు వదిలేసి శ్రీవారి మెట్టు దారి పట్టినట్టన్నమాట. ఆప్టేన్ పేరుతో అంగట్లోకి కూడా వచ్చింది. ధర చూసి జనం దండం పెట్టి పక్కకు తప్పుకున్నారు. 2022లో ఇంటెల్ దుకాణం కట్టేసింది. నిజమైన వచ్చే తరం వచ్చి, అరుగు మీద కూర్చుని, మనం పలకరించకపోతే లేచి వెళ్లిపోయింది. మనం మాత్రం ఇంకా వీధి చివరకే చూస్తున్నాం.

తొందరపడి జెన్ ఫైవ్ కొన్నవాళ్ల గతి కూడా చెప్పుకోవాలి. మొదట్లో వచ్చిన వాటి కంట్రోలర్లు గట్టిగా పనిచేస్తే డ్రైవు 10 వాట్లు దాటి తాగేది. తిరుపతి మే నెలలో గదే 40 డిగ్రీలుంటే, సీపీయూను టేబుల్ అరలో పెట్టి తలుపు మూస్తే, డ్రైవు 80 దాటి తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. హీట్‌సింక్ బిగించినా వేడి దిగలేదంటే ముందు విప్పి చూడాల్సింది థర్మల్ ప్యాడ్ మీది పల్చటి ప్లాస్టిక్ పొర. దాన్ని తీయకుండా బిగించేవాళ్లు చాలామంది. బొట్టుబిళ్ల కన్నా చిన్న ఆ ఎం.2 స్క్రూను కింద పడేసి చీపురు తెచ్చేవాళ్లు ఇంకా ఎక్కువ.

చవకలో వచ్చే క్యూఎల్‌సీ రకం డ్రైవుల సంగతి పెళ్లి భోజనం లాంటిది. మొదటి బంతికి నెయ్యి ధార కడతారు, మూడో బంతికి మజ్జిగలో నీళ్లే. ఒక్కో గదిలో నాలుగు బిట్లు కుక్కాలంటే 16 మెట్ల చార్జిని గుర్తుపట్టాలి, రాయడం నిదానం. అందుకే డ్రైవు కొంత జాగాను గదికి ఒక్క బిట్టు చొప్పున వాడి ముందు గబగబా తీసుకుంటుంది. ఫోటో స్టూడియో వాళ్లు 300 జీబీ పెళ్లి వీడియో ఒకేసారి కాపీ పెడితే ఆ జాగా నిండగానే వేగం 100 ఎంబీకి పడిపోతుంది. పాత హార్డ్ డిస్కే నయం అనిపిస్తుంది. డ్రైవు సగానికి పైగా నిండితే మొదటి బంతి కూడా చిన్నదవుతుంది. వచ్చే తరంలో గదికి ఐదు బిట్లు, 32 మెట్లు పెడతారని ఆశగా ఎదురుచూసేవాళ్లున్నారు. వాళ్ల ఓపికకు నమస్కారం.

మనోనిబ్బరం లేని కొందరు ఎలా దారి తప్పుతున్నారో కూడా నమోదు చేయాలి, మిగతావాళ్లు జాగ్రత్తపడతారు. 500 జీబీ సాటా డ్రైవు, డీ-ర్యామ్ (ఏ ముక్క ఎక్కడుందో గుర్తుంచుకునే చిప్పు) లేకపోయినా టీఎల్‌సీ (గదికి మూడు బిట్లు) అయితే చాలనుకుని తెచ్చుకుంటున్నారు. పాత డిస్క్‌లో అక్కర్లేనివి తీసేసి, ఎర్రర్ చెక్ నడిపి, తర్వాత క్లోన్ (ఉన్నదున్నట్టు కొత్తదాంట్లోకి నకలు) చేస్తున్నారు. మొదటిసారి ఆన్ చేసేటప్పుడు పాత డిస్క్ కేబుల్ పీకేస్తున్నారు, ఎందుకంటే రెండింటికీ ఒకే గుర్తింపు ఉంటే విండోస్ మళ్లీ పాతదాని నుంచే లేచే ప్రమాదముంది. పాతదాన్ని వారం రోజులు అలాగే ఉంచి, అన్నీ బాగున్నాక ఫార్మాట్ చేస్తున్నారు. కొత్తదాంట్లో 15 శాతం ఖాళీ వదులుతున్నారు. మొత్తం ఒక పూట పని. ఇంత సులభంగా తీరే కోరికకు విలువేముంటుంది?

ధరల విషయంలోనూ నిష్ఠ అవసరం. 2023లో ఫ్లాష్ ధరలు పాతాళానికి పడ్డాయి. "ఇంకా పడతాయి" అని ఆగినవాళ్లే అసలైన భక్తులు. 2025 చివరికి ఏఐ డేటా సెంటర్లు చిప్పులన్నీ ఎత్తుకుపోతుంటే ధరలు కొండెక్కాయి. ఈ ధరలు 28 నిమిషాల నియమం కూడా పాటించలేదు.

పీసీఐఈ ఆరో తరం నియమావళి 2022 జనవరిలో వచ్చింది, ఏడోది 2025 జూన్‌లో. ఎనిమిదోది 2028 కల్లా ఇస్తామని ఆ నియమావళి రాసే సంఘం అప్పుడే చెప్పేసింది. ఈ ముక్క జిరాక్స్ అంగడాయన చెవిన వేయకండి, జెన్ సిక్స్ కొనే ఆలోచన మానుకుంటాడు.