ఇంతలా రాస్తే ఎలాగమ్మా?

విక్టోరియా రాణి కాలపు స్కాట్లండ్ నవలా రచయిత్రి మార్గరెట్ ఆలిఫాంట్ (1828–1897) పేరు మనకు తెలియకపోతే తప్పు మనది కాదు, ఆవిడదే. తొంభైకి పైగా నవలలు రాసి పడేసింది. అవిగాక కథలు, జీవితచరిత్రలు, బ్లాక్‌వుడ్ పత్రికకు వందలకొద్దీ వ్యాసాలు. ఎక్కడ మొదలుపెట్టాలో తేలక పాఠకుడు అసలు మొదలే పెట్టలేదు.

సాహిత్య మర్యాద తెలిసిన మనిషైతే 1859లోనే కలం మూసేది. రంగు అద్దాల చిత్రకారుడైన భర్త క్షయతో రోమ్‌లో పోయాడు. మిగిలిన ఆస్తి వెయ్యి పౌన్ల అప్పు, 200 పౌన్ల బీమా, ఇద్దరు పిల్లలు, కడుపులో ఇంకొకరు. తర్వాత అన్న దివాలా తీస్తే ఆయన్నీ, పిల్లల్నీ చేరదీసింది. మగపిల్లల్ని గొప్పింటి పిల్లలు చదివే ఈటన్ బడిలో చదివించాలని పక్కనే విండ్సర్‌లో కాపురం పెట్టింది. కవులకు ప్రేరణ వెన్నెల నుంచి వస్తుందట. ఈవిడకు ఫీజు గడువు నుంచి వచ్చేది.

అప్పట్లో నవలంటే మూడు సంపుటాలు, ధర 31 షిల్లింగుల 6 పెన్నీలు. అంత పోసి కొనేదెవరు? పుస్తకాలు అద్దెకిచ్చే మ్యూడీ గారి లైబ్రరీకి ఏడాదికి ఒక గినీ (21 షిల్లింగులు) కడితే విడతకో సంపుటం ఇచ్చేవారు. నవల మూడు ముక్కలైతే ఒకేసారి ముగ్గురి ఇళ్లలో తిరుగుతుంది, అదీ కిటుకు. కథ రెండింటికే సరిపడితే పులుసులో నీళ్లు పోయాల్సిందే. ఎక్కడ పోశారో చూడాలంటే రెండో సంపుటం తెరవండి. వారపత్రికల సీరియళ్లు చదివినవారికి నేను చెప్పేదేముంది!

పైగా ఈవిడ నవ్విస్తుంది. ‘మిస్ మార్జొరీబ్యాంక్స్’ (1866)లో నాయిక లూసిల్లా తన ఒంటిరంగుకు నప్పేలా డ్రాయింగ్ రూమ్‌కు లేత ఆకుపచ్చ వేయించి, గురువారం సాయంత్రాల విందులతో ఊరంతటినీ గుప్పిట్లో పెట్టుకుంటుంది. ఇలా రాసేవాళ్లకు ఆ కాలపు మహా నవలాకారిణి జార్జ్ ఎలియట్ పక్కన పీట వేస్తారా? వేయరనీ, అది న్యాయమేననీ ఆవిడే ఆత్మకథలో రాసుకుంది. నిందితురాలే ఒప్పుకున్నాక సాక్షులెందుకు?

రాయడానికి విడిగా గదైనా లేదు. అందరూ తిరిగే చోటే రాసేది. ఏ ఆటంకం లేకుండా రెండు గంటలు దొరకాలంటే ఇంటిల్లిపాదీ పడుకోవాలి.

పిల్లల చదువుల కోసం మేధను అమ్ముకుందని 1938లో ఇంగ్లిష్ రచయిత్రి వర్జీనియా వుల్ఫ్ వాపోయింది. ఆడది రాయాలంటే సొంత గది, ఏటా 500 పౌన్లు ఉండాలని 1929లో ఒక వ్యాసంలో చెప్పింది కూడా ఆవిడే. ఆ వ్యాసంలో కథకురాలికి ఆ డబ్బు బొంబాయిలో గుర్రం మీంచి పడి చనిపోయిన మేనత్త వీలునామా వల్ల వస్తుంది.

ఆలిఫాంట్‌కు అలాంటి మేనత్త లేదు. అన్న పిల్లలకు మేనత్త తనే.