రబ్బరు రోలుకు పతకం

మిర్యాలగూడలో ధాన్యం సీజను మొదలైందంటే పట్టణమంతా ఒకటే హోరు. మిల్లుల ముందు లారీలు, ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి. గాలి నిండా ఊక పొడి, తవుడు వాసన. ఆ హోరు నడుమ, ఒక ఇనుప డబ్బా లోపల, రెండు రబ్బరు రోళ్లు ఎదురెదురుగా తిరుగుతుంటాయి. ఒకదాని వేగం రెండోదానికంటే సుమారు పాతిక శాతం ఎక్కువ. ఆ వేగాల తేడాలో చిక్కిన వడ్లగింజ పొట్టు వదిలించుకుని కిందికి జారుతుంది. పొట్టు మిగలకూడదు, గింజ విరగకూడదు. రబ్బరు గింజకు లొంగుతుంది, లొంగుతూనే పట్టు వదలదు. ఇనుముకు చేతకాని పని అది.

ఇనుప హల్లర్ మిల్లుల కాలం గుర్తున్నవారికి నూకల సంగతి చెప్పనక్కర్లేదు. బస్తా వడ్లు పోస్తే బియ్యంతోపాటు నూకలూ చాటలకొద్దీ వచ్చేవి. అంతకుముందు ఇంటింటా రోలు, రోకలి. రోటి నుంచి ఈ కొత్త రోలుకు వచ్చేసరికి పేరు కలిసింది, దెబ్బలూ తప్పలేదు. రోలు వెళ్లి మద్దెలతో మొరపెట్టుకున్నట్టు అంటారు కదా, ఈ రబ్బరు రోలుకు మొరపెట్టుకునేందుకు మద్దెల కూడా లేదు. వేగంగా తిరిగే రోలు ముందు అరుగుతుంది. అందుకే ఆపరేటరు మధ్యలో మిల్లు ఆపి రెంటినీ తారుమారు చేసి బిగిస్తాడు. రెండూ సమంగా అరిగేదాకా వాడుకోవడం ఆయన నేర్పు. ఈ రోళ్లు చాలావరకు తెల్లగా ఉండడానికీ కారణముంది. టైర్లలో కలిపే నల్లటి కార్బన్ పొడి ఇక్కడ కలిపితే బియ్యానికి మసి అంటుతుంది. అందుకని దాని స్థానంలో తెల్లటి సిలికా కలుపుతారు. ఒక జత రోళ్లు ఎన్ని బస్తాలు ఆడతాయన్నది మిల్లు యజమాని లాభనష్టాల లెక్క. ఎంత నూక రాలుతుందన్నది మన కంచంలోకి వచ్చే లెక్క.

ఇంత పని చేసే ఆ రబ్బరును అలా కుదిర్చినవారెవరు? ఎవరినడిగినా పేరు చెప్పలేరు. రోలు మీద కంపెనీ ముద్ర ఉంటుంది, అంతే. మా ఈ సంపాదకీయం ఆ లేని పేరు గురించే.

రబ్బరు శాస్త్రానికి లోకంలో పతకాలు లేవని కాదు. అమెరికన్ కెమికల్ సొసైటీ రబ్బరు విభాగం 1941 నుంచి చార్లెస్ గుడ్‌ఇయర్ పేరిట ఒక పతకం ఇస్తోంది. రబ్బరు రంగంలో అంతకు మించిన గౌరవం లేదంటారు. బోధన, పరిశోధనలకు జార్జ్ స్టాఫర్డ్ విట్బీ పేరిట, సాంకేతిక కృషికి మెల్విన్ మూనీ పేరిట, యంత్రాలకూ తయారీకీ ఫెర్న్‌లీ బాన్‌బరీ పేరిట వేర్వేరు పురస్కారాలున్నాయి. బ్రిటన్‌లో కోల్విన్ పతకం, హాంకాక్ పతకం ఉన్నాయి. విట్బీ పురస్కారం మన ఖరగ్‌పూర్ ఐఐటీ ఆచార్యుడు అనిల్ భౌమిక్‌కూ దక్కింది. ఆ వార్త మన పత్రికల్లో ఎంతమేరకు వచ్చిందో పాఠకులే చెప్పాలి. క్రికెట్ ఆటగాడి మోకాలి నొప్పికి ఇచ్చే చోటులో పదో వంతు కూడా శాస్త్రజ్ఞులకు ఇవ్వని పాపంలో మాకూ వాటా ఉంది.

ఆ పెద్ద పతకం ఎవరి పేరున వెలసిందో ఆయన కథే ఒక ఎత్తిపొడుపు. పచ్చి రబ్బరు ఎండకు కారేది, చలికి పెళుసెక్కేది. చార్లెస్ గుడ్‌ఇయర్ ఏళ్ల తరబడి దానితో కుస్తీ పట్టి, 1839లో గంధకం కలిపి వేడి చేస్తే రబ్బరు స్థిరపడుతుందని కనిపెట్టాడు. 1844లో అమెరికాలో పేటెంటు వచ్చింది. ఆ పేటెంటును కాపాడుకోవడానికి కోర్టుల చుట్టూ తిరిగాడు. అప్పులు తీర్చలేక జైళ్లకూ వెళ్లాడు. 1860లో చనిపోయేనాటికి ఆయన తలపై సుమారు రెండు లక్షల డాలర్ల అప్పుంది. ఆయన పేరు పెట్టుకున్న టైర్ల కంపెనీ పుట్టింది 1898లో. ఆ కంపెనీకీ ఆయన కుటుంబానికీ ఏ సంబంధమూ లేదు. పతకం వచ్చేసరికి మనిషి పోయి 81 ఏళ్లు. బతికుండగా పిడికెడు మెతుకులు పెట్టని లోకం తద్దినానికి గారెలు వండిందన్నమాట.

బతికున్నవారికి ఇచ్చినప్పుడు కూడా ఆ పతకం తాపీగానే నడిచింది. జార్జ్ ఓన్స్‌లేగర్ రబ్బరును త్వరగా ఉడికించే రసాయనాలను 1906లో కనిపెట్టాడు. గంటల పని నిమిషాల్లోకి దిగడానికి దారి వేసిన పని అది. పతకం 1948లో అందింది. ఆర్నాల్డ్ కాలిన్స్ నియోప్రీన్ అనే కృత్రిమ రబ్బరును 1930లో చూశాడు, పతకం 1973లో చూశాడు. ఆ పరిశోధన బృందానికి నాయకుడైన వాలెస్ కరోథర్స్ 1937లోనే ప్రాణం తీసుకున్నాడు. కొందరి విషయంలో మాత్రం రబ్బరువాళ్లే ముందున్నారని ఒప్పుకోవాలి. రసాయన శాస్త్రజ్ఞుడు పాల్ ఫ్లోరీకి గుడ్‌ఇయర్ పతకం 1968లో ఇస్తే, నోబెల్ కమిటీ మేలుకున్నది 1974లో.

ఇన్ని ఆలస్యాలున్నా ఆ పురస్కారాలలో మాకు నచ్చిన గుణం ఒకటుంది. వాటి పేర్లలో కొన్ని పనిముట్లు చేసినవారివి. రబ్బరు ముద్దను, పొడులను, నూనెను ఒకే పెట్టెలో వేసి పిసికే యంత్రాన్ని బాన్‌బరీ 1916లో తెచ్చాడు. పచ్చి రబ్బరు ఎంత గట్టిగా ఉందో, అచ్చులోకి ఎంత తేలిగ్గా పారుతుందో కొలిచే సాధనం మూనీది. ఇవాళ టైర్ల ఫ్యాక్టరీలో బాన్‌బరీ అంటే మనిషి పేరని చాలామందికి తెలియదు. అది యంత్రం, అది సెక్షను, అది రాత్రి షిఫ్టు. మూనీ అంటే ల్యాబులో రాసే అంకె. పేరు అరిగి మామూలు మాటలో కలిసిపోవడానికి మించిన సత్కారం మరొకటి ఉంటుందని మేమనుకోవడం లేదు. మన జిల్లా పేరు కూడా ఇలాగే ఒక ప్రక్రియకు అంటుకుంది. పటిక, సున్నం వేసి నీటిలోని ఫ్లోరైడును తగ్గించే పద్ధతిని ప్రపంచమంతా నల్లగొండ టెక్నిక్ అంటుంది. ఆ పేరు వెనుక వంగిన కాళ్లు, గారపట్టిన పళ్లు ఉన్నాయి కాబట్టి దాన్ని మనమెప్పుడూ గొప్పగా చెప్పుకోలేదు.

గుడ్‌ఇయర్ పతకం అందుకున్నవారి జాబితాలో మనకు తెలియకుండానే మన జీవితాల్లోకి వచ్చినవారున్నారు. ఈ జిల్లాల్లో వ్యవసాయ బావిలో ఈత నేర్చుకున్న తరానికి లారీ ట్యూబు తెలుసు. గాలి నింపి నడుముకు తగిలించుకుంటే మునగనిచ్చేది కాదు. గాలిని అంత బిగువుగా పట్టి ఉంచే బ్యుటైల్ రబ్బరును 1937లో తయారుచేసినవారు విలియం స్పార్క్స్, రాబర్ట్ థామస్. మొదటివారికి 1963లో, రెండోవారికి 1969లో పతకం వచ్చింది. ఆ ఇద్దరి పేరునే యువ శాస్త్రజ్ఞులకు ఒక పురస్కారం పెట్టారు. గుండెలో స్టెంటు వేయించుకున్న బంధువు లేని ఇల్లు ఇప్పుడు అరుదు. స్టెంటు మీద మందును పట్టి ఉంచే రబ్బరులాంటి పూతకు పనిచేసినవారిలో హంగరీలో పుట్టిన జుడిత్ పుష్కాస్ ఒకరు. 2017లో ఆమె గుడ్‌ఇయర్ పతకం అందుకున్న తొలి మహిళ అయ్యారు. మొదటి పతకానికీ ఆమెకూ మధ్య 76 ఏళ్లు. గొప్ప సంస్థల చూపుకూ పొరలుంటాయి.

ఇక మన సంగతి. పరిశ్రమలకు ఇక్కడ ఇచ్చే అవార్డులు ఎక్కువగా టర్నోవరునూ ఎగుమతుల అంకెనూ చూస్తాయి. వేదిక మీద శాలువా కప్పించుకునేది యజమాని. ఆ సరుకుకు పాళ్లు కుదిర్చిన రసాయనకారుడు, అచ్చు దగ్గర నిలబడి వేడి సరిచూసిన ఫోర్‌మన్ ఆ రోజు సభకు కుర్చీలు వేయించే పనిలో ఉంటారు. మినహాయింపు లేదని అనం. ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం, ఆసు పోయడానికి, అంటే మగ్గం ఎక్కించే ముందు దారాన్ని పేర్చడానికి, చేతులు వేలసార్లు ఆడించి తల్లి భుజాలు పడిపోతుంటే చూడలేక యంత్రం చేశాడు. దానికి తల్లి లక్ష్మి పేరే పెట్టాడు. 2017లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చినప్పుడు మగ్గం ఉన్న ప్రతి ఇల్లూ పొంగింది. పని కష్టం తెలిసినవాడికి గౌరవం దక్కితే ఊరు దాన్ని తన ఇంటి పెళ్లిలా చేసుకుంటుందని చెప్పడానికి ఇంతకన్న సాక్ష్యం అక్కర్లేదు.

రబ్బరు చెట్టు లేని చోట రబ్బరు శాస్త్రం ఎందుకని కొందరు అడగవచ్చు. చెట్టు కేరళలో ఉంది, రబ్బరు బోర్డు కొట్టాయంలో ఉంది, అక్కడి పరిశోధన సంస్థ 1980లో విడుదల చేసిన ఆర్ఆర్ఐఐ 105 రకం ఆ రాష్ట్రపు రైతుల రాత మార్చింది. నిజమే. అయితే టైర్ల రాజధానిగా వెలిగిన అమెరికాలోని ఆక్రన్ నగరంలోనూ రబ్బరు చెట్టు లేదు. అక్కడున్నది కార్ఖానాలు. ఆ కార్ఖానాల పక్కన ఒక కళాశాల రబ్బరు రసాయనశాస్త్రం చెప్పడం మొదలుపెట్టి, దానికే పేరుపడ్డ విశ్వవిద్యాలయంగా ఎదిగింది. విట్బీ పాఠం చెప్పింది అక్కడే. మన మిర్యాలగూడ చుట్టూ అన్ని మిల్లులుండి, నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం, మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం ఉండి, రోలు ఎందుకు త్వరగా అరుగుతోందో కొలిచే చిన్న ల్యాబు ఒకటి పెట్టాలన్న ఆలోచన మనకెందుకు రాలేదు?

చెట్టు లేకపోయినా రబ్బరుతో మనకు పాత చుట్టరికం ఉంది. ఆముదం. నల్లగొండ, పాలమూరు చెల్కల్లో ఒకప్పుడు వానను నమ్ముకుని పండించిన పంట అది. పత్తి వచ్చి దాన్ని చాలాచోట్ల పక్కకు నెట్టింది. పాలమూరు ప్రాంతంలోని పాలెం వ్యవసాయ పరిశోధన కేంద్రం క్రాంతి, హరిత వంటి ఆముదం రకాలను ఇచ్చింది. ఆ గింజలోని నూనె రబ్బరు లోకంలో చాలా దూరం వెళుతుంది. తొలినాళ్ల హైడ్రాలిక్ బ్రేకుల్లో ఆముదం పోసేవారు, ఎందుకంటే సహజ రబ్బరుతో చేసిన సీళ్లను అది ఉబ్బనిచ్చేది కాదు. ఆముదం నుంచి తీసే సెబాసిక్ ఆమ్లంతో చేసిన పదార్థాలు కలిపితే రబ్బరు చలిలోనూ మెత్తదనం కోల్పోదు. గుడ్‌ఇయర్ వాడిన గంధకమే నూనెలతో కలిపి ఉడికిస్తే ఫ్యాక్టిస్ అనే బంకముద్ద వస్తుంది, పిల్లలు పెన్సిలు గీతలు చెరిపే రబ్బరులో కలిపేది దాన్నే. చెల్కలో ఆముదం వేసిన రైతుకు ఇవేవీ ఎవరూ చెప్పలేదు. ఆయనకు తెలిసింది మార్కెట్‌లో ఆ రోజు ధర మాత్రమే.

నీళ్ల దగ్గరకూ ఒకసారి వెళ్లాలి. నాగార్జునసాగర్‌కు 26 క్రస్టు గేట్లు. గేటు ఉక్కుది, గోడ కాంక్రీటుది, రెంటి మధ్య నీటిని ఆపేది రబ్బరు సీలు. అది గట్టిపడి చీలితే ఎంత పెద్ద ప్రాజెక్టయినా కారుతుంది. ఎండకూ నీటికీ ఏళ్ల తరబడి నిలిచే సీలు చేయడం, దాన్ని సకాలంలో మార్చడం శిలాఫలకం మీదికి ఎక్కే పనులు కావు. ఇక జాతీయ రహదారి పొడవునా, సూర్యాపేట నుంచి కోదాడ దాకా, అరిగిన టైరుకు కొత్త తొడుగు అతికించి మళ్లీ రోడ్డెక్కించే షెడ్లు ఉన్నాయి. గీకిన టైరును చేత్తో తడిమి ఇది ఆగుతుంది, ఇది పేలుతుంది అని చెప్పగలిగే పనివాళ్లు వాటిలో ఉన్నారు. వాళ్లకు సర్టిఫికెట్టు లేదు.

నిజాం కాలపు ఇంజినీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ జయంతి అయిన జులై 11ను తెలంగాణ ఇంజినీర్ల దినంగా జరుపుకుంటోంది. గౌరవించేది నిర్మించినవారిని, అది న్యాయమే. అదే రోజున కట్టినదాన్ని నిలబెట్టే పదార్థాల మీద పనిచేసినవారికి ఒక పురస్కారం పెట్టాలని ఈ పత్రిక కోరుతోంది. మొదటి మూడేళ్లు రబ్బరుకే ఇవ్వండి: మిల్లు రోలు, గేటు సీలు, టైరు తొడుగు. షరతులు రెండు చాలు. ఆ పని కనీసం ఐదేళ్లు ఎండలో, దుమ్ములో, నీటిలో నిలిచి ఉండాలి. పతకం మీద కంపెనీ పేరుకు బదులు మనిషి పేరు ఉండాలి, ఇద్దరు ముగ్గురు కలిసి చేస్తే అందరి పేర్లూ ఉండాలి. డబ్బు పెద్ద మొత్తం అక్కర్లేదు. దానితోపాటు ఒక విద్యార్థికి రెండేళ్ల పరిశోధన ఖర్చు ఇస్తే మేలు. మనకు విట్బీలు పుట్టాలంటే పాఠం చెప్పే గది ముందు ఉండాలి.

ఎంపిక సంఘంలో ఆచార్యులు, అధికారులు ఎటూ ఉంటారు. వారితోపాటు ఒక మిల్లు ఆపరేటరును, గేట్లు ఎత్తి దించే ఒక లస్కరును కూర్చోబెట్టండి. తొలి సమావేశం సచివాలయంలో వద్దు. యాసంగి ధాన్యం దిగుతున్న రోజుల్లో మిర్యాలగూడలోని ఏదో ఒక మిల్లులో పెట్టండి. మాటలు వినపడవు కాబట్టి ఉపన్యాసాలు తగ్గుతాయి. మధ్యలో మిల్లు ఆపి ఆపరేటరు రోళ్లు మార్చేటప్పుడు సభ్యులందరూ లేచి ఆ పాత రోలును ఒకసారి చేత్తో తడిమి చూడాలి, వేడి ఇంకా తగ్గకముందే.