కడప బండ మీద నిమ్మరసం మచ్చ
ఇసుకరాయి, సున్నపురాయి రెండూ అవక్షేప శిలలే (పొరలుగా పేరుకుని గట్టిపడ్డ రాళ్లే) కాబట్టి మన్నికలో పెద్ద తేడా ఉండదని రాళ్ల గురించిన ఒక వ్యాసంలో రాసిన మాటను నేను ఒప్పుకోలేను. తిరుపతిలో మా వంటగట్టుకు వేసింది కడప నల్లబండ, అంటే సున్నపురాయే. పిండిన నిమ్మచెక్క రాత్రంతా దాని మీద ఉండిపోతే తెల్లవారేసరికి పాలిపోయిన మచ్చ పడుతుంది, ఎంత తోమినా పోదు. అందులోని కాల్షియం కార్బొనేట్‌ను పులుపు కరిగించేస్తుంది. ఇసుకరాయిలో ఎక్కువగా ఉండే క్వార్ట్జ్ రేణువులను నిమ్మరసం ఏమీ చేయలేదు. అయితే వాటిని అతికించి ఉంచే పదార్థం ఏమిటో చూడాలి. అది కాల్సైట్, అంటే సున్నపురాయిలోని కాల్షియం కార్బొనేట్ లాంటిదే, అయితే ఇసుకరాయి కూడా పులుపుకు పట్టు సడలి రాలుతుంది. క్వార్ట్జ్‌లో ఉండే పదార్థమైన సిలికా అయితే గట్టిగా నిలుస్తుంది. మా తిరుమల శిలాతోరణం ఒకప్పటి ఇసుకే కదా! క్వార్ట్‌జైట్‌గా (సిలికాతో అతుక్కుపోయిన గట్టి ఇసుకరాయిగా) బిగుసుకున్న ఆ రాయి వయసు 150 కోట్ల ఏళ్ల పైమాటే.