స్పేర్ మ్యాగజైన్ దండగ అంటున్న మెసేజ్‌కి జవాబు

2023 మే 6న డాలస్ పక్కన ఆలెన్ అవుట్‌లెట్ మాల్‌లో ఒక దుండగుడు ఎనిమిది మందిని కాల్చి చంపాడు. చనిపోయినవాళ్లలో హైదరాబాద్ నుంచి వెళ్లిన ఒక తెలుగమ్మాయి కూడా ఉంది. అంతకుముందు గన్ సంగతి ఎత్తితే మాట మార్చే తెలుగు ఇళ్లలో కూడా ఆ తర్వాత ఏ పిస్టల్ కొనాలి, ఎలా పెట్టుకోవాలి అని బాహాటంగా మాట్లాడుకోవడం మొదలైంది. టెక్సస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి, 21 ఏళ్లు నిండి చట్టం అడ్డు చెప్పనివాళ్లు లైసెన్స్ లేకుండానే పిస్టల్ దగ్గర పెట్టుకుని తిరగొచ్చు. అందువల్ల క్లాసులో కూర్చుని నేర్చుకున్నవాళ్ల కంటే వాట్సాప్‌లో నేర్చుకున్నవాళ్లే ఎక్కువైపోతున్నారేమోనని నా అనుమానం.

గ్రూపుల్లో చక్కర్లు కొడుతున్న ఒక మెసేజ్ సారాంశం ఇది: "సగటు కాల్పుల ఘటన మూడు గజాల దూరంలో, మూడు సెకన్లలో, మూడు బుల్లెట్లతో ముగుస్తుంది. ఇది ఎఫ్‌బీఐ లెక్క. మామూలు మనిషి గన్ రీలోడ్ చేసిన సందర్భం ఒక్కటీ లేదు. కాబట్టి స్పేర్ మ్యాగజైన్ (బుల్లెట్లు నింపి గన్ పిడిలో దూర్చే డబ్బా, అదనంగా ఇంకొకటి) దండగ. పైగా అది జేబులో ఉంటే కోర్టులో మీరే హంతకుడిలా కనిపిస్తారు. అంతగా కావాలనుకుంటే ఇంట్లోవాళ్ల హ్యాండ్‌బ్యాగులోనో, కారు డాష్‌బోర్డులోనో ఒకటి పడేయండి. గన్ కాదు కాబట్టి దానికి రూల్స్ లేవు."

గన్ పెట్టుకోవాలా వద్దా అనే చర్చలోకి ఇప్పుడు వెళ్లను. పెట్టుకున్నవాళ్లు ఈ మెసేజ్ నమ్మితే ఏమవుతుందో మాత్రమే చెప్తాను.

ముందు ఆ "ఎఫ్‌బీఐ లెక్క" సంగతి. ఎఫ్‌బీఐ ఏటా ప్రచురించేది విధుల్లో ఉండగా చనిపోయిన, దాడికి గురైన పోలీసుల లెక్క. ఆత్మరక్షణ కోసం మామూలు జనం ఎన్ని గజాల నుంచి, ఎన్ని సెకన్లలో, ఎన్ని రౌండ్లు (తూటాలు) కాల్చారో దేశమంతటా లెక్కగట్టి పెట్టిన పట్టిక ఎఫ్‌బీఐ దగ్గర లేదు. పోలీసు శిక్షణలో గుర్తుండటానికి వాడుకున్న మాట నోటికి ఇంపుగా ఉంది కాబట్టి గణాంకమై కూర్చుంది.

సగటు నిజమే అనుకుందాం. అయితే మాత్రం ఏం తేలింది? 2019 డిసెంబరు 29న టెక్సస్‌లోని వైట్ సెటిల్‌మెంట్ చర్చిలో ఒకడు షాట్‌గన్‌తో ఇద్దరిని చంపితే, అక్కడి సెక్యూరిటీ వాలంటీరు ఒకే ఒక్క రౌండుతో వాణ్ణి పడగొట్టాడు. మొత్తం ఆరు సెకన్ల వ్యవహారం. 2022 జులై 17న ఇండియానాలోని గ్రీన్‌వుడ్ పార్క్ మాల్ ఫుడ్ కోర్టులో 22 ఏళ్ల కుర్రాడు రైఫిల్ పట్టుకున్న హంతకుడి మీద సుమారు 40 గజాల దూరం నుంచి 10 రౌండ్లు కాల్చాడు, 8 తగిలాయి. ఒక చోట ఒకటి, ఇంకో చోట పది. ఈ రెండింటికీ సగటు తీసి జేబులో ఎన్ని పెట్టుకోవాలో తేల్చడం కుదరదు. మన వంతుకి ఏది వస్తుందో సగటు చెప్పదు.

మూడు బుల్లెట్లు చాలన్న మాటలో ఇంకో మెలిక ఉంది. కాల్చిన మూడూ తగులుతాయని లోలోపల అనుకుంటున్నారు. న్యూయార్క్ పోలీసుల కాల్పుల మీద ర్యాండ్ అనే పరిశోధన సంస్థ 2008లో ఇచ్చిన నివేదిక చూడండి. 1998 నుంచి 2006 వరకు ఎదురుకాల్పులు జరిగిన సందర్భాల్లో పోలీసులు కాల్చిన వాటిలో తగిలినవి నూటికి 18. అవతలివాడు తిరిగి కాల్చనప్పుడు కూడా నూటికి 30. వీళ్లు జీతం తీసుకుని శిక్షణ పొందినవాళ్లు. ఈ 18 శాతాన్ని గ్లాక్ 43 లాంటి బుల్లి పిస్టల్‌కి వేసి చూస్తే, మ్యాగజైన్‌లో 6, చాంబర్లో (రౌండు పేలడానికి సిద్ధంగా కూర్చునే చోట) 1, కలిపి ఏడింట్లో తగిలేది ఒకటి, మహా అయితే రెండు. పోలీసులు ఎదుర్కొనే పరిస్థితులు వేరు, నిజమే. అయినా చేతులు వణికేటప్పుడు మనం వాళ్ల కంటే బాగా కాలుస్తామనుకోవడానికి నాకైతే కారణం కనపడలేదు.

ఇక రీలోడ్ చేసిన సందర్భం ఒక్కటీ లేదన్న మాట. ఉన్నాయి. తక్కువే, కానీ ఉన్నాయి. క్లాడ్ వర్నర్ అనే శిక్షకుడు 1997 నుంచి 2001 వరకు పత్రికల్లో వచ్చిన 482 ఆత్మరక్షణ ఘటనలను విశ్లేషించాడు. కాల్చిన రౌండ్ల సగటు రెండు. రీలోడ్ చేయాల్సి వచ్చినవి మూడు. ఆ మూడింట్లో ఒకటి తప్పించుకున్న సింహాన్ని .32 రివాల్వర్‌తో చంపడం! పదమూడు గుళ్లు పట్టిందట. నవ్వొస్తుంది గానీ, సింహాన్ని పక్కన పెట్టినా రెండు మిగులుతాయి. ఇంకో సంగతి, ఇవన్నీ బతికి బయటపడ్డవాళ్ల కథలు. గన్ ఖాళీ అయిపోయి చనిపోయినవాడి కథ ఆత్మరక్షణ వార్తగా అచ్చు కాదు. ఆ విశ్లేషణలోనే మెసేజ్ రాసినాయనకు నచ్చని ఇంకో మాట కూడా ఉంది: రెండు దాటి కాల్చినవాళ్లు సాధారణంగా గన్ ఖాళీ అయ్యేదాకా కాల్చేశారు. అంటే ఐదు గుళ్ల రివాల్వర్ ఉన్నవాడి దగ్గర ఆ తర్వాత మిగిలేది ఇనుప ముక్క.

అయినా, 482లో మూడు అంటే తీసిపారేయదగ్గ సంఖ్యేనని మీరంటే నేను గట్టిగా వాదించను. ఎందుకంటే స్పేర్ మ్యాగజైన్ ప్రధానంగా ఎక్కువసేపు కాల్చడానికి కాదు. మెసేజ్‌లో అసలు కనపడని విషయం ఇదే. ఆటోమేటిక్‌గా లోడ్ అయ్యే పిస్టల్‌లో ఎక్కువగా మొండికేసే భాగం మ్యాగజైనే. ఒక రేకు డబ్బా, ఒక స్ప్రింగు, రౌండ్లను పైకి తోసే ప్లాస్టిక్ ముక్క, పైన రౌండుని పట్టుకుని ఉండే రెండు అంచులు. కాంక్రీటు మీద ఒకసారి పడితే ఆ అంచు కంటికి తెలియనంత వంగుతుంది. వంగిందంటే రౌండు సరైన కోణంలో పైకి రాదు.

రేంజ్‌లో (కాల్పులు ప్రాక్టీసు చేసే చోట) డబుల్ ఫీడ్ అనే జామ్ ఒకసారి చూసినవాళ్లు మళ్లీ ఈ మెసేజ్ ఫార్వర్డ్ చేయరు. పేలిన రౌండు ఖాళీ తొడుగు, అంటే కేసు, చాంబర్లోంచి ఊడిరాదు. వెనక నుంచి కొత్త రౌండు వచ్చి దాని వీపుకి ముక్కు ఆనించి ఆగిపోతుంది. స్లైడ్ (పిస్టల్ పైన ముందుకూ వెనక్కీ కదిలే భాగం) సగంలో నిలబడిపోతుంది. ట్రిగ్గర్ నొక్కితే చచ్చుబడినట్టు ఉంటుంది. మ్యాగజైన్ అడుగున ఒక్కటి చరిచి స్లైడ్ లాగితే మామూలు జామ్‌లు పోతాయి, ఇది పోదు. స్లైడ్‌ని వెనక్కి లాక్కుని ఆపాలి, లోపల ఒత్తిడికి బిగుసుకుపోయిన మ్యాగజైన్‌ని బలంగా ఊడబెరకాలి, స్లైడ్‌ని రెండు మూడుసార్లు ఆడించి ఇరుక్కున్న కేసుని కింద పడేయాలి, అప్పుడు మ్యాగజైన్ పెట్టి మళ్లీ స్లైడ్ లాగాలి. ఏ మ్యాగజైన్? ఊడబెరికినది నేల మీద ఎక్కడో పడి ఉంటుంది. చేతిలోనే ఉన్నా, ఈ గొడవంతా తెచ్చిపెట్టింది అదేనేమో. నడుం మీద రెండోది ఉంటే అది తీసి పెడతారు. లేకపోతే పార్కింగ్ లాట్ చీకట్లో మోకాళ్ల మీద కూర్చుని వెతుక్కుంటారు.

కారు ఎక్కి దిగేటప్పుడు సీట్‌బెల్టో, పొట్ట మడతో మ్యాగజైన్‌ని వదిలే బటన్‌కి తగిలి మ్యాగజైన్ కొంచెం కిందకి జారిపోవడం కూడా ఉంటుంది. చూడ్డానికి తెలియదు. మొదటి రౌండు పేలుతుంది, రెండోది రాదు. మ్యాగజైన్ లేకపోతే పేలకుండా సేఫ్టీ ఉండే పిస్టళ్లయితే ఆ మొదటిదీ పేలకపోవచ్చు.

దీనికి పోటీగా, ఎన్ని మ్యాగజైన్లున్నా చాలవంటూ తిరిగే ఇంకో మెసేజ్ గురించి కూడా రెండు ముక్కలు. 2008లో ఇల్లినాయీలోని స్కోకీ పట్టణ పోలీసు సార్జెంట్ ఒకాయన ఒక బ్యాంకు దొంగతో తలపడి 33 రౌండ్లు కాల్చాడు, 14 తగిలినా వాడు పోరాడుతూనే ఉన్నాడు. అంతకుముందు 47 రౌండ్లు మోసే ఆ సార్జెంట్ తర్వాత నుంచి 145 మోయడం మొదలుపెట్టాడు. ఇది నిజం. కానీ దొంగల వెంట పడటం ఆయన ఉద్యోగం. మన పని అక్కడి నుంచి బయటపడటం. కాస్ట్‌కోకి వెళ్తూ నాలుగు మ్యాగజైన్లు కట్టుకోనక్కర్లేదు. ఒక్కటి చాలు. ఆ ఒక్కటైనా తాళాలు, చిల్లర ఉన్న జీన్స్ జేబులో వేస్తే ఉన్నా లేనట్టే. నెల రోజులు అలా తిరిగిన మ్యాగజైన్ తీసి చూడండి, అంచుల మధ్య నూలు పోగులు చేరి ఉంటాయి, పై రౌండు ముక్కు ముందుకు జారి ఉంటుంది. దానికంటూ ఒక పౌచ్ కావాలి.

గన్‌లో 15 పట్టే గ్లాక్ 19 వాడేవాళ్లు ఒకవేళ స్పేర్ వదిలేస్తే నేను అర్థం చేసుకోగలను. 6 పట్టేది వాడుతూ వదిలేయడం మాత్రం అర్థం కాదు. విచిత్రం ఏమిటంటే, వదిలేసేవాళ్లు ఎక్కువగా వీళ్లే. చిన్న గన్ కొన్నదే బరువు వద్దని కదా!

కోర్టులో హంతకుడిలా కనిపిస్తారన్న మాటలో పిసరంత నిజం ఉంది, మిగతాది భయం. టెక్సస్ పీనల్ కోడ్ 9.31, 9.32 సెక్షన్లు చూసేది ఆ క్షణంలో ప్రాణాపాయం ఉందని మీరు నమ్మడం సమంజసమా కాదా అని. జేబులో మ్యాగజైన్లు ఎన్ని అని కాదు. అయితే ప్రాసిక్యూటర్ సామాను చూపించి జ్యూరీని కదిలించే ప్రయత్నం చేస్తాడన్నది నిజమే. 2004లో అరిజోనాలో ఒక రిటైర్డ్ టీచర్ కొండదారిలో ఒకతన్ని కాల్చిన కేసులో 10 ఎంఎం పిస్టల్, హాలో పాయింట్ (తగలగానే విచ్చుకునే) బుల్లెట్ల మీద బాగా చర్చ జరిగింది. 2006లో శిక్ష పడింది, 2009లో అప్పీల్ కోర్టు కొట్టేసింది. కోర్టు గురించి టెన్షన్ పడాలనుకుంటే 9.05 సెక్షన్ చూసి పడండి. మీరు కాల్చడం న్యాయమే అయినా, నిర్లక్ష్యంగా కాల్చి దారినపోయేవాడికి తగిలిస్తే వాడి విషయంలో ఆత్మరక్షణ వాదన పనిచేయదు. స్పేర్ ఉందని ఎడాపెడా కాల్చేవాడి కొంప ముంచేది ఇది.

అసలు ఈ జవాబు రాయడానికి కారణం ఆ చివరి వాక్యం. "గన్ కాదు కాబట్టి దానికి రూల్స్ లేవు." ఇంతకంటే ప్రమాదకరమైన అబద్ధం తెలుగువాళ్ల మధ్య తిరగడం నేను చూడలేదు.

ఫెడరల్ చట్టంలో 922(జీ)(5)(బీ) అని ఒక నిబంధన ఉంది. నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద అమెరికాలో ఉన్నవాళ్లు గన్ గానీ, అమ్యూనిషన్ (తూటాలు, వాటి భాగాలు) గానీ దగ్గర పెట్టుకోకూడదు. రెండూ ఒకే వాక్యంలో, ఒకే బరువుతో ఉన్నాయి. హెచ్-1బీ, హెచ్-4, ఎఫ్-1, టూరిస్ట్ వీసా అన్నీ ఇందులోకే వస్తాయి. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు ఈ నిబంధన వర్తించదు. అమ్యూనిషన్ అంటే పూర్తి రౌండే కానక్కర్లేదు. నిర్వచనంలో కేసులు, ప్రైమర్లు (మందుకి నిప్పు అంటించే బిళ్లలు), బుల్లెట్లు, పేలుడు మందు కూడా విడివిడిగా చెప్పారు. 2022 చట్ట సవరణ తర్వాత గరిష్ఠ శిక్ష 15 ఏళ్లు.

ఇప్పుడు ఆ హ్యాండ్‌బ్యాగు సలహా మళ్లీ చదవండి. భర్తకు గ్రీన్ కార్డు ఉంది, భార్య తన సొంత హెచ్-1బీ మీద ఉంది. ఆమె బ్యాగులో లోడ్ చేసిన మ్యాగజైన్ వేశారంటే, చట్టం దృష్టిలో తప్పు ఆమె చేసినట్టు. ఆమె వీసా సంగతి తెలిసి ఇచ్చినందుకు 922(డీ) కింద ఆయనదీ తప్పే. డాష్‌బోర్డులో పెట్టినా తప్పించుకోలేరు. చేతిలో ఉండనక్కర్లేదు, ఉందని తెలిసి తన అదుపులో ఉంచుకుంటే చాలు. ఆ కారు ఆమె నడుపుతోందంటే అదుపు ఎవరిది? బీ-2 వీసా మీద అమెరికా చూడ్డానికి వచ్చిన మామగారిని సరదాగా రేంజ్‌కి తీసుకెళ్లి గన్ చేతికిచ్చి ఫొటో తీసే అల్లుళ్లకు కూడా ఇదే వర్తిస్తుంది.

ఇదంతా కాగితం మీద మాటేనని కొట్టిపారేయకండి. స్టూడెంట్ వీసా మీద యూఏఈ నుంచి ఫ్లోరిడా వచ్చిన రెహైఫ్ అనే యువకుడు యూనివర్సిటీ తీసేయడంతో స్టేటస్ పోగొట్టుకున్నాడు. ఆ తర్వాత రేంజ్‌కి వెళ్లి కాల్చాడు. కేసులో గన్‌కి ఒక అభియోగం, అమ్యూనిషన్‌కి ఇంకో అభియోగం. 18 నెలల జైలు పడింది. 2019లో సుప్రీంకోర్టు, నిందితుడికి తన స్టేటస్ తెలుసని ప్రభుత్వం రుజువు చేయాలంటూ ఆ తీర్పుని పక్కన పెట్టింది. నాకు తెలియదు అనే మాట అతనికి అక్కరకొచ్చింది. వీసా స్టాంపింగ్ తేదీలు నిద్రలో కూడా అప్పజెప్పే మనవాళ్లు ఆ మాట అనగలరా?

సిటిజన్లకైనా రాష్ట్రం దాటితే రూల్స్ మారతాయి. న్యూజెర్సీ 2018లో మ్యాగజైన్ పరిమితిని 15 నుంచి 10కి దించింది. టెక్సస్ లైసెన్స్ అక్కడ చెల్లదు, హాలో పాయింట్ బుల్లెట్ల మీద వేరే ఆంక్షలున్నాయి. డాలస్ నుంచి న్యూజెర్సీలోని ఎడిసన్‌కి కారులో చుట్టాల పెళ్లికి వెళ్లేవాళ్లు బయల్దేరే ముందే డాష్‌బోర్డు ఖాళీ చేసుకోవాలి.

ఇండియా ప్రయాణమైతే ఇంకా జాగ్రత్త. రేంజ్‌కి తీసుకెళ్లిన బ్యాక్‌ప్యాక్ సైడ్ జేబులో ఒక్క రౌండు మిగిలిపోయినా, శంషాబాద్‌లో తిరుగు ప్రయాణానికి స్కానర్‌లో పెట్టగానే కనపడుతుంది. అక్కడ 1959 ఆయుధాల చట్టం. ఉందని తెలియకపోతే అది స్వాధీనం కిందకి రాదని మన సుప్రీంకోర్టు 1972లో గున్వంత్‌లాల్ కేసులోనే చెప్పింది. ఒక్క తూటా దొరికిన చాలా కేసుల్ని ఢిల్లీ హైకోర్టు ఆ కారణంతోనే కొట్టేసింది. కానీ కొట్టేసేలోపు ఎఫ్ఐఆర్, లాయరు, తప్పిపోయిన ఫ్లైటు, వీసా ఇంటర్వ్యూలో అదనపు ప్రశ్నలు అన్నీ ఉంటాయి. రేంజ్‌కి ఒక బ్యాగు విడిగా కొనుక్కోండి, ఇరవై డాలర్లలో వస్తుంది.