చెప్పకుండా జారుకోవద్దు, చెప్పే రండి

"పాప ఆటలో పడగానే చెప్పకుండా వచ్చేయండి, వారంలో అదే అలవాటవుతుంది" అని నర్సరీలో కొత్తగా చేర్చిన పిల్లల్ని దింపి రావడం గురించి ఒకరు ఇక్కడ రాశారు. నేను అస్సలు ఒప్పుకోను. మా పాపకు మూడేళ్లు నిండాక జూన్‌లో చేర్చాం, మొదటి రోజు ఆయమ్మ బొమ్మ చూపిస్తుంటే నేను వెనక నుంచి జారుకున్నాను, ఆ తర్వాత రెండు వారాలు నేను ఇంట్లో బాత్రూమ్‌కి వెళ్లినా తలుపు పట్టుకుని ఏడ్చేది. అమ్మ ఎప్పుడు మాయమవుతుందో తెలియకపోతే ఆ భయం ఎలా పోతుంది?

తర్వాత గేటు దగ్గర ముద్దు పెట్టి "నువ్వు అన్నం తినగానే అమ్మ వస్తుంది" అని చెప్పి వచ్చేదాన్ని. ఆ వయసులో పన్నెండున్నర అంటే అర్థం కాదు, అన్నం తిన్నాక అంటే అర్థమవుతుంది. కానీ చెప్పిన టైముకి కచ్చితంగా అక్కడ ఉండాలి. టీచర్‌ని అడిగి మొదట ఒక గంటే ఉంచాం, మెల్లగా పెంచాం, నేను దగ్గరున్నట్టే అనిపించాలని బ్యాగులో నా పాత చున్నీ పెట్టాను.

ఇంకోటి, భాష. క్లాసులో అంతా ఇంగ్లిషే, ఒంటేలుకి వెళ్లాలని ఎలా అడగాలో తెలియక మా పాప రోజూ బట్టలు తడుపుకునేది. వీలైన చోటల్లా ఇంట్లో మాట్లాడే భాషలోనో స్థానిక భాషలోనో చిన్నపిల్లలకు చెప్పాలని 2020 జాతీయ విద్యా విధానం కూడా అంటోంది కదా. టీచర్‌తో మాట్లాడి ఆ ఒక్క మాట తెలుగులో అడగనివ్వమన్నాను, నాలుగు రోజుల్లో ఏడుపు సగం తగ్గింది.

దయచేసి "అల్లరి చేస్తే స్కూల్లో వదిలేస్తా" అని మాత్రం ఇంట్లో ఎవరినీ అననివ్వకండి.