పూత మీద వల కప్పమంటారా?

మళ్లీ అదే మెసేజ్. చండూరు నుంచి ఒకరు, కొల్లాపూర్ నుంచి ఒకరు, నిన్న మా బామ్మర్ది కూడా పంపాడు. "పూత రాకముందే తోట మొత్తం వల కప్పండి. ఒక్క పురుగు రాదు, మందు కొట్టక్కర్లేదు, వల పదేళ్లు ఉంటుంది" అని. మామిడి, బత్తాయి తోటలున్నవాళ్లే పంపుతుంటే ఊరుకోలేకపోతున్నా.

పదేళ్ల మాట అమ్మేవాడిని బిల్లు మీద రాసివ్వమనండి. మన ఎండకి, దుమారానికి ఎంత నిలుస్తుందో అప్పుడే తేలుతుంది.

ఒక్క పురుగు రాదా? పండు ఈగను ఆపే వలలోంచి తామర పురుగు, నల్లి లాంటి మరీ సన్న పురుగులు సులువుగా దూరతాయి. వాటిని తినే అక్షింతల పురుగులు మాత్రం బయటే ఆగిపోతాయి.

అన్నిటికంటే ప్రమాదం ఆ "పూత రాకముందే". మామిడి పూత పిందె కట్టాలంటే ఈగలు, తేనెటీగలు వాలాలి. వాటిని బయటపెట్టి పిందె ఎక్కడి నుంచి తెస్తారు? కాపు పోతే ఈ మెసేజ్ రాసినాయన వచ్చి కౌలు కడతాడా? అసలు పండు ఈగ పువ్వు జోలికే రాదు. కాయ ముదిరాక, ఏప్రిల్, మే నెలల్లో తొక్క కింద గుడ్లు పెడుతుంది. పురుగు పండులో పెరిగి, మట్టిలోకి దిగి, మళ్లీ ఈగై లేస్తుంది. రాలిన కాయలు ఏరకుండా వల మూశారంటే దొంగను లోపలుంచి తలుపు గడియ పెట్టినట్టే. 2014 మేలో యూరప్ దేశాలు మన మామిడిని ఆపేసింది పండు ఈగల వల్లనే. అలాంటి దాని గురించి నాలుగు ముక్కలు రాసి, అందరికీ పంపండి అంటారు! మామిడికి ముందు రాలినవి ఏరి లోతుగా పూడ్చండి, మగ ఈగల్ని రప్పించే మిథైల్ యూజినాల్ ఎరలు కట్టండి, కాయ కొంచెం పెరిగాక కవర్లు తొడగండి.

నల్గొండ బత్తాయి దగ్గర మాత్రం ఆ మెసేజ్‌లో నిజముంది, ఒప్పుకోవాలి. రసం పీల్చే రెక్కల పురుగుని మందు ఆపలేదు. దాని పిల్ల పురుగు బత్తాయి చెట్టు మీద ఉండనే ఉండదు, కంచె మీది తిప్పతీగ, దూసరితీగ తిని పెరుగుతుంది. రెక్కలొచ్చాక రాత్రిపూట తోటలోకొచ్చి కాయని పొడిచి రసం తాగి పోతుంది. పొడిచిన చోట కుళ్లి కాయ రాలుతుంది. ఇది పెద్ద పురుగు, మరీ సన్న కన్నాల వల అక్కర్లేదు. పూత, పిందె అయిపోయి కాయ రంగు తిరిగే ముందు కప్పితే చాలు. అంత ఖర్చు పెట్టలేనివాళ్లు కంచె వెంట ఆ తీగలు పీకించండి, రాలిన కాయలు తోటలో ఉంచకండి.

దయచేసి "పూత రాకముందే" అన్న ముక్క తీసేయకుండా ఆ మెసేజ్ ఇంకెవరికీ పంపకండి.