నో కాస్ట్ ఈఎంఐ గారికి బహిరంగ లేఖ

శ్రీయుత నో కాస్ట్ ఈఎంఐ (అనగా ‘వడ్డీ లేని నెలవారీ వాయిదా’) గారికి,

సున్నా వడ్డీ అనేదే లేదని, ఆ పేరుతో వడ్డీని దాచిపెడుతున్నారని 2013 సెప్టెంబరులోనే రిజర్వు బ్యాంకు బ్యాంకులకు సర్క్యులర్ ఇచ్చింది. ఇంకొకరైతే సిగ్గుతో ఊరొదిలేవారు. తమరు మాత్రం ‘జీరో పర్సెంట్’ బోర్డు దించి ‘నో కాస్ట్’ బోర్డు ఎక్కించారు. బతకనేర్చినవారు!

మీ పనితనం చెప్పుకోవాల్సిందే. ముప్పై వేల ఫోను, క్రెడిట్ కార్డు మీద ఆరు నెలలు, నెలకు ఐదు వేలు. ఎక్కాలు వచ్చినవాడెవడూ తప్పు పట్టలేడు. ఏడాదికి 15 శాతం వడ్డీ అనుకుంటే ఆ వాయిదాలకు సరిపోయే అసలు రూ.28,730. మిగతా రూ.1,270 వడ్డీ. దాన్ని డిస్కౌంటని ముందే బిల్లులో తగ్గించి, తర్వాత నెలనెలా వసూలు చేస్తారు. ఇక్కడికి చెల్లుకు చెల్లు. ఆ వడ్డీ మీద పడే 18 శాతం జీఎస్టీకి మాత్రం డిస్కౌంటు లేదు. అది రూ.229. ప్రాసెసింగ్ ఫీజు రూ.199 అయితే జీఎస్టీతో రూ.235. వెరసి ‘నో కాస్ట్’ ఖరీదు రూ.464. రెడీ క్యాష్ ఇస్తే షాపువాడు తగ్గించే వెయ్యో రెండు వేలో ఈ లెక్కలోకి రానేలేదు.

అయినా మీ అసలు వ్యాపారం వడ్డీ కాదులెండి. కావాలనిపించడానికీ కొనడానికీ మధ్య ఇదివరకు నాలుగు నెలల ఎడం ఉండేది. డబ్బు కూడేలోపు సగం కోరికలు వాటంతటవే చల్లారేవి. మీరొచ్చి ఆ ఎడాన్ని పూడ్చేశారు. ఇప్పుడు ‘కొనగలమా’ అని ఎవరూ అడగరు, ‘నెలకెంత’ అంటారు. 128 జీబీ చాలనుకుని వచ్చినవాడికి సేల్స్ కుర్రాడు 256 చూపిస్తాడు. తేడా ఆరు వేలంటే గుండె గుభేల్మంటుంది. ‘పన్నెండు నెలలకి పెట్టుకోండి సార్, ఐదొందలే’ అనగానే తల ఊగుతుంది. నోట్లు లెక్కపెట్టి ఇచ్చేవాడికి ఆఖరి ఐదొందల దగ్గర చెయ్యి ఆగుతుంది. కార్డు గీకేవాడికి ఆగడానికి చోటేదీ? ఆ ఊపులోనే కవరు, ఇయర్ బడ్స్, ఎక్స్‌టెండెడ్ వారంటీ కూడా బిల్లెక్కుతాయి.

మోజు నెలలో తీరుతుంది, వాయిదా తీరదు. పైగా కార్డు లిమిట్‌లో ఫోను ధర మేరకు మొదటి రోజే బిగుసుకుపోయి, కట్టిన అసలు మేరకే విడుదలవుతుంది. ముందే కట్టేసి వదిలించుకుందామంటే చాలా బ్యాంకుల్లో ఫోర్‌క్లోజర్ చార్జీ. ఒక నెల చేతిలో డబ్బాడక మినిమమ్ డ్యూ (బిల్లులో కట్టక తప్పని కనీస మొత్తం) మాత్రమే కడితే ఇంకా వేడుక: ఆ కార్డు మీద కొత్తగా కొన్న పాల ప్యాకెట్టుకీ పెట్రోలుకీ కూడా కొన్న రోజు నుంచే వడ్డీ. ఫోను మీద కోరికకు పడ్డ వడ్డీ పాల ప్యాకెట్టు మీదికి పాకిందన్నమాట.

మిమ్మల్ని మూసేయమని అడగటం లేదు. ఫ్రిజ్ పాడైన ఇంటికి మీరు అక్కరకొస్తారు, కాదనం. మనవి ఒక్కటే. ‘నెలకు రూ.4,999’ అని ఎంత పెద్ద అక్షరాలతో రాయిస్తున్నారో, దాని కింద రెడీ క్యాష్ ధర కూడా అంతే పెద్దగా రాయించండి. స్టార్ గుర్తు పెట్టకుండా.

ఇట్లు,
వాయిదాలు కడుతున్న మీ విధేయులు